గుండీల పరీక్షలో నల్లా చప్పుడు

బోనాలైన మరుసటి ఆదివారం, పొద్దున పదకొండున్నరకు నేను పరీక్షలో ఓడిపోయాను. అప్పటికి నాకు అరవై రెండేళ్లు. అక్షరాలు సగమే వచ్చు.

మా లాల్‌దర్వాజా గల్లీలో నల్లాలో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఏ గంటకో ఎవరికీ తెలియదు. పట్టుకోకపోతే రెండు రోజులు కటకట. అందుకే ఇంట్లో ఒకరి చెవి ఎప్పుడూ దాని మీదే ఉండాలి. నలభై ఏళ్లుగా ఆ చెవి నాది. కోడలు ఆదివారం తప్ప రోజూ గాజుల దుకాణంలో పనికి పోతుంది. నేను పెద్దవాళ్ల చదువు క్లాసుకు రోజూ పోవాలంటే, రిటైరై ఇంట్లో కూర్చున్న మా ఆయన నల్లా చూసుకోవాలి.

"ఆడోళ్లకు పది పనులు ఒక్కసారే చేసుడు పుట్టుకతోనే వస్తది. మాకు రాదే," అన్నాడు.

మేడ మీద అద్దెకున్న కాలేజీ పిల్ల చదివేది ఇలాంటి ఆడ-మగ తేడాల గురించేనట. "గట్లని తేలలే తాతా. కొందరు పుట్టుక అంటరు, కొందరు అలవాటంటరు. కొన్ని పరీక్షలల్ల తేడానే కనవడదు."

"అయితే మా ఇద్దరికీ పెట్టు పరీక్ష," అన్నాను.

కలిపి పోసిన గుండీల్లోంచి ఎర్రవి ఏరాలి. ఏరుతూనే ఫోన్లో గంట ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టాలి. ఆయన ఒక్క గంటే తప్పాడు. నా వంతు సగంలో ఉండగా బయట నల్లా గాలితో బుస్సుమంది. చేతులు ఏరుతూనే ఉన్నాయి. గంటలు మాత్రం జారిపోయాయి. పద్నాలుగు మోగితే తొమ్మిదన్నాను.

"నల్లా వచ్చింది," అన్నాను.

ఎవరూ వినలేదట. ఆ పిల్ల కాగితం తిప్పి చూసింది. "గిది రాయనీకి ఈ కాగితంల జాగా లేదు, అమ్మమ్మా."

"ఏమయ్యా, రెండు పనులు నీకూ వచ్చినయి గద. రేపటి నుంచి నల్లా నువ్వే చూడు," అన్నాను.

ఆయన నవ్వాడు. "గుండీల మీదనే నీకు ధ్యాస నిలుస్తలేదు. ఇగ అక్షరాలేం ఎక్కుతయే?"

మార్కులు ఎక్కువొస్తే నల్లా నాది. తక్కువొస్తే చదువు దండగ. బిందె తీసుకుని లేచాను.

నల్లా లేని రోజుల్లోనే క్లాసుకు పోయాను. ఏడాది చదువు రెండేళ్లు పట్టింది.

నల్లా బుస్సుమన్నప్పుడు ఆ గదిలో ఉన్నది మా ఆయన, కోడలు, ఆ కాలేజీ పిల్ల, నేను. ముగ్గురం ఆడవాళ్లం, విన్నది నేనొక్కదాన్నే.