మాడిన పాకం, మా మావయ్య

ఈ సాయంత్రం వీడియో చూసి, పెనం మీద పంచదార ఎర్రగా కరిగించి అరటిపండు ముక్కలు వేయబోయాను. రంగు తిరిగిందో లేదో, మా మావయ్య పరుగున వచ్చి స్టవ్ ఆపేశారు. ఆయన అనకాపల్లిలో ముప్పై ఏళ్లు బెల్లం వండిన మనిషి.

"పాకం మాడిపోతందమ్మా, సూడవేటి?"

"కొంచెం మాడాలట మావయ్యా, వీడియోలో చెప్పారు."

"మాడకుండా సూడ్డానికే నా బతుకంతా పొయ్యి కాడ అయిపోయింది. ఇప్పుడు కావాలని మాడ్సుతారేటి?"

నేను స్టవ్ మళ్లీ వెలిగించి, చేసి పెట్టాను. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ప్లేటు ఖాళీ చేసి, "పాకం పాడుసేసేవు. ఇంకుందా?" అన్నారు.

బెల్లం వండినవాళ్ల కోడళ్లెవరైనా ఉంటే చెప్పండి, ఇది తిట్టా, మెచ్చుకోలా?