కెనడా దాకా వెళ్లిన జానెడు పదును

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట నేను అనడం కాదు, దేవరకొండ దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో నా దగ్గర సైన్సు చదువుకున్న పిల్లలెవరిని అడిగినా చెబుతారు. తొంభైల చివరి సంగతి ఇది. అప్పటికి మా బడిలో కంప్యూటర్‌ను కళ్లతో చూసినవాళ్లు ఒక్కరూ లేరు, నాతో సహా. అలాంటి బడి కెనడా, జపాన్, ఫిన్లాండ్ బడులతో కలిసి పాఠం చేసిందంటే మీరు నమ్మరు. చేసింది. చేసి నా పరువు కాస్తా తీసింది.

అసలు అందులోకి దిగడమే కోపంతో దిగాను. వేసవిలో నల్లగొండలో సైన్సు టీచర్లకు శిక్షణ పెట్టారు. చివరి రోజు భోజనాలయ్యాక, సగం మంది కునికిపాట్లు పడుతుండగా, హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన ఒక కాగితం చదివాడు. దేశదేశాల బడుల్లో పిల్లలు తమ ఊళ్లో పడ్డ వాన లెక్క రాసుకుని, వారానికోసారి కంప్యూటర్ ద్వారా ఒకరికొకరు పంపుకోవాలట. జూన్ నుంచి మార్చి దాకా. మన జిల్లా నుంచి ఎవరైనా చేరతారా అని అడిగాడు. నేను చేరాలా వద్దా అని ఆలోచిస్తుండగానే వెనక బెంచీ మీది హాలియా వైపు సారు ఒకాయన పక్కాయనతో అన్నాడు. "దేవరకొండ టీచరమ్మ ముచ్చట పడుతున్నది చూడు. ఆడ వాన ఏడిది కొలవనీకి?"

మాది వానకు మొగం చూసే మెట్ట, వాళ్లది కాలువ కింది సాగు. కాలువ నీళ్లు తాగేవాళ్ల పొగరు! అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యి ఎత్తేశాను.

కంప్యూటర్ ఎక్కడుందో తర్వాత వెతుక్కున్నాను. నల్లగొండలో గడియార స్తంభం దగ్గర సందులో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. దాని యజమాని అరవై దగ్గర పడ్డ ముస్లిం పెద్దమనిషి. పది టైపు మిషన్ల మధ్య ఆయన కొత్తగా ఒక కంప్యూటర్ పెట్టి, దాని మీద పెళ్లిలో వేసే జరీ గుడ్డ కప్పి ఉంచేవాడు. హైదరాబాదుకు ఎస్టీడీ కలిపితే గానీ అందులోంచి ఉత్తరం పోదు. బిస్మిల్లా అని మీట నొక్కేవాడు. టెలిఫోన్‌కు తగిలించిన డబ్బా కీచుమని అరిచేది. మధ్యలో లైను తెగితే టెలిఫోన్ వాళ్లను ఇంటల్లుడిని తిట్టినంత మర్యాదగా తిట్టేవాడు. శుక్రవారం మూసి ఆదివారం తెరిచేవాడు కాబట్టి నాకు కలిసొచ్చింది. నేను ఆయన్ని చాచా అనేదాన్ని.

ఇక వాన లెక్క రాయడానికి పిల్లలు కావాలి. పదో తరగతిలో అందరికంటే ముందు బడికొచ్చే పిల్ల ఒకతి ఉండేది. గొర్లు కాసేవాళ్ల బిడ్డ. ఒంటి మీద ఎప్పుడూ ఒకటే లంగా జాకెట్టు, కానీ లెక్కల్లో గండరగండ. జూన్‌లో వాళ్ల నాయిన ఆమెను వెంటబెట్టుకుని వచ్చి, భుజం మీది గొంగడి సర్దుకుంటూ నెమ్మదిగా చెప్పాడు.

"టీచరమ్మా, పిల్ల కార్తీకం దాంక వస్తది. వరి కోతలైనంక మంద హాలియా దిక్కు తోలుకపోత. అప్పుడు ఇది గూడ మా ఎంట రావాలె. పరీచ్చలకు ఉండదు. ముందుగాలనే చెప్తున్న."

పదో తరగతి పరీక్ష రాయకుండా పిల్లను గొర్ల వెంట తీసుకుపోతానంటాడా? నాకు ఒళ్లు మండింది. అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆడపిల్ల చదువు, దేశం, భవిష్యత్తు, ఏదీ వదల్లేదు. ఆయన చివరి దాకా విని "సరేనమ్మా" అన్నాడు. ఆ వైపు మనుషులు "సరే" అంటే ఒప్పుకున్నట్టు కాదు, వాదించదలుచుకోలేదని. అది తెలిసే నేను ఇంకో ఎత్తు వేశాను. వాన లెక్క పుస్తకం ఆ పిల్ల చేతిలోనే పెట్టాను. "ఇది మార్చి దాకా నీదే. ఇన్ని దేశాలు చూస్తుంటాయి. మధ్యలో వదిలిపెట్టావంటే దేశం పరువు పోతుంది" అన్నాను. బంధం వేశానని సంబరపడ్డాను.

ఇంతలో నన్ను ఓటర్ల జాబితా పనికి వేశారు. ప్రభుత్వ టీచరంటే పాఠం చెప్పడం తప్ప అన్నీ చేసేవాడని అప్పట్లో అధికారుల నమ్మకం. ఇంటింటికీ తిరిగి తలుపులు కొట్టి, పోయినవాళ్ల పేర్లు కొట్టేసి, ఆదివారం పూట ఆ పిల్ల పుస్తకం చంకన పెట్టుకుని నల్లగొండ బస్సెక్కేదాన్ని. పుస్తకంలో తేదీ ఉంది, మిల్లీమీటర్లు ఉన్నాయి, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఇంకేం చూడాలి? చాచా టైపు కొట్టేవాడు, పంపేసేవాళ్లం.

ఆగస్టులో ఒక ఆదివారం ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కుతుండగానే చాచా ఎదురొచ్చాడు. ముఖం గంభీరంగా ఉంది.

"బేటీ, మీ ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"మంచిగున్నరు చాచా, ఏమైంది?"

"మీ దగ్గర తుపాను వచ్చిందట గద. కెనడా పిల్లలు రాసిండ్రు. ఎంత మంది కొట్టుకపోయిండ్రని అడుగుతుండ్రు. దుప్పట్లు గూడ జమ చేస్తుండ్రట."

దేవరకొండలో తుపానా? నేను పగలబడి నవ్వాను. చాచా నవ్వలేదు. నా ఉత్తరమే తీసి చూపించాడు. ఒక్క రోజు వాన రెండువందల పాతిక మిల్లీమీటర్లు. అంతకు ముందు వారం డెబ్బై అయిదు. కెనడా, జపాన్, ఫిన్లాండ్ అన్నీ కలిపినా మాలో సగం లేవు. అవి నా సంతకంతో పోయిన అంకెలు. నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

సోమవారం పొద్దున్నే ఆ పిల్లను నిలబెట్టాను. "ఎవరిని అడిగి రాశావే ఇవి? వాన నువ్వే కురిపించావా?" అని అరిచాను. పిల్ల బెదరలేదు. నా వైపు వింతగా చూసింది.

"కొలిచే రాసిన గద టీచర్. తెల్లారి చెలక తవ్వి చూసిన. జానెడు లోతు తడిసింది. జానెడంటే స్కేలు మీద రెండువందల ఇరవై అయిదు."

"ఏం తవ్వావు?"

"పదును."

 చెలకల్లో మెట్ట సేద్యం చేసేవాళ్ల ఇళ్లల్లో వాన ఎంత పడిందని ఎవరూ అడగరు. పదును ఎంత అని అడుగుతారు. నేలలోకి తడి ఎంత లోతు దిగింది, బెత్తెడా, జానెడా, విత్తనం వేయొచ్చా, ఇంకో వాన కోసం చూడాలా. సీసా పెట్టి పైనుంచి పడ్డ నీళ్లు కొలవాలని వాళ్లకు ఎలా తోస్తుంది? నేను చెప్పానా? చెప్పలేదు. ఓటర్ల ఇళ్ల చుట్టూ తిరుగుతున్నాను. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ పుస్తకం తరగతిలో ముప్పై మంది చేతులు మారింది. ఒక్కరికీ తప్పనిపించలేదు.

"సీసాల పట్టాలె పిచ్చిదానా, పడ్డ వాన ఎంతో తెలవాలె" అన్నాను.

"పడ్డది పడ్డట్టే కారిపోతె దాన్ని కొలిచి ఏం చేసుకుంటరు టీచర్?" అంది. తరగతంతా అవునన్నట్టు తల ఊపింది. నా కోపం ఎటు పోయిందో తెలియదు. కూర్చున్నాను.

ఆ ఆదివారం చాచా, నేను కలిసి క్షమాపణ ఉత్తరం రాశాం. మా ఊళ్లో ఎవరూ కొట్టుకుపోలేదు, దుప్పట్లు వద్దు, మా పిల్లలు నేలను కొలిచారు, ఇక నుంచి సీసా పెడతాం అని. నాకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. ఇంకేముంది, మమ్మల్ని తీసేస్తారనుకున్నాను.

తీసెయ్యలేదు. మరుసటి వారం కెనడా నుంచి పదకొండు ప్రశ్నలు వచ్చాయి. వాన వెలిసిన ఎంతసేపటికి తవ్వాలి? గడ్డి ఉన్న చోట తవ్వొచ్చా? ఎర్ర నేలకూ నల్ల నేలకూ తేడా ఉంటుందా? వాళ్ల బడి వెనక మైదానం అంతా తవ్వి పోశారట, వాళ్ల హెడ్మాస్టరు లబోదిబోమన్నాడట. మా పిల్ల జవాబులు చెబుతుంటే నేను రాసుకున్నాను. ఎర్ర చెలకల్లో తడి తొందరగా దిగి తొందరగా పోతుందని, నల్ల రేగడి పైనే తాగి కూర్చుంటుందని, ఎండెక్కాక తవ్వితే మోసపోతామని. అందులో సగం నాకూ తెలియదు. తెలిసినట్టు ముఖం పెట్టాను.

అప్పటి నుంచి మా పట్టికలో రెండు గడులు. సీసాలో ఎంత, నేలలో ఎంత. నవంబరు నాటికి ఫిన్లాండ్ వాళ్లు కూడా పలుగు పట్టారు. కెనడా పిల్లలు ప్రతి ఉత్తరం పైన "తవ్వే అమ్మాయికి" అని రాసేవాళ్లు. ఆ మాట చదివి వినిపిస్తే పిల్ల అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నేను బడంతా తిరిగి చెప్పాను. ఇక ఈ పిల్లను బడి మాన్పించే మగాడు పుట్టలేదని హెడ్మాస్టరు ముందు ఛాతీ విరుచుకుని అన్నాను.

డిసెంబరు మొదటి సోమవారం ఆ పిల్ల రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం ఆమె పక్కన కూర్చునే పిల్ల వాన పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "మంద ఎంట పోయింది టీచర్. గిది మీకియ్యమన్నది."

 అంత చెప్పినా వినలేదే అని ఆ వారమంతా ఆ తండ్రి మీద నిప్పులు చెరిగాను, మనసులోనే. ఆదివారం నల్లగొండ వెళితే చాచా కెనడా ఉత్తరం చేతికిచ్చాడు. మంచు పడితే ఎలా కొలవాలని తవ్వే అమ్మాయిని అడుగుతున్నారు.

"ఏం రాయాలె బేటీ?"

"పోయిందని రాయి చాచా. మంద ఎంట పోయిందని రాయి."

ఆయన వేళ్లు మీటల మీద పెట్టలేదు. "హాలియాకు ఇప్పుడే బస్సుంది" అన్నాడు.

హాలియాలో దిగి చాయ్ హోటల్లో అడిగితే, కాలువ పక్క కోసిన వరి మళ్లల్లో దేవరకొండ మంద దిగిందని చెప్పారు. గట్ల మీద నడిచి నడిచి చెప్పు తెగింది. ఆ కోపం కూడా కలుపుకుని వెళ్లాను. పిల్ల మూడు రాళ్ల పొయ్యి దగ్గర వండుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది కానీ దగ్గరికి రాలేదు. తండ్రి గొర్ల మధ్య నుంచి వచ్చి, గొంగడి మడిచి గట్టు మీద వేసి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"ఏందన్నా ఇది? ఇంత తెలివిగల పిల్లను తెచ్చి గిక్కడ పెడతవా? మూడు నెలలైతె పరీక్షలు. బడిల హెడ్మాస్టరు చెప్పిండు, నేను చెప్పిన, వేరే దేశాలోళ్లు గూడ పిల్లను అడుగుతుండ్రు. నీకు జాలి లేదా?"

ఆయన గొంతు పెంచలేదు. నేల వైపు చూస్తూ అన్నాడు.

"ఎండకాలం మా అవ్వ సచ్చిపోయింది టీచరమ్మా. గిన్నేండ్లు పిల్లను ఇంట్ల పెట్టుకున్నది గామెనే. నేను, మా ఇంటామె మంద ఎంట వస్తిమి. ఇల్లు తాళం పడ్డది. హాస్టలుకు పోయిన, జాగ లేదన్నరు. మీరు సదువుమంటిరి, పెద్దసారు సదువుమనె, గా దేశపోళ్లు గూడ సదువుమంటిరి. పిల్ల రాత్రి యాడ పండుకోవాలె అని మాత్రం ఒక్కలన్న అడగకపోతిరి."

పొయ్యి దగ్గర పిల్ల తల వంచుకుంది.

కెనడాలో మంచు ఎంత పడిందో నాకు తెలుసు. ఫిన్లాండ్‌లో ఎన్ని గంటలకు చీకటి పడుతుందో తెలుసు. రోజూ నా ఎదురుగా కూర్చునే పిల్లకు నాయనమ్మ పోయిందని తెలియదు. దేవరకొండలో నేను కిరాయికి ఉన్న ఇంట్లో రెండు గదులు. మా ఆయన ఉద్యోగం మహబూబ్‌నగర్‌లో, నెలకోసారి వస్తాడు. రెండో గదిలో ఓటర్ల జాబితా కాగితాలు, విరిగిన కుర్చీ ఉండేవి. ఆ కాగితాలు అందులో పడేశాక దానికి గొళ్లెం తీసిన పాపాన పోలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, వాళ్ల ముందే, సిగ్గు లేకుండా.

"మా ఇంట్ల పండుకుంటదన్నా. పరీక్షలైనదాంక నా దగ్గరనే ఉంటది. నేనే జూన్‌ల అడగాల్సింది" అన్నాను.

 ఆయన మంద దగ్గర నిలబడ్డ భార్య వైపు చూశాడు. ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లి పిల్ల చేతిలోంచి గరిటె తీసుకుంది. పిల్ల పరుగున వెళ్లి తన బట్టల మూట తెచ్చుకుంది.

గట్టు చివరి దాకా ఆయన మాతో నడిచాడు. బస్సు చప్పుడు వినబడ్డాక అన్నాడు.

"అన్నం కాడ మొగమాటపడతది టీచరమ్మా. సాలకపోయినా సాలంటది. జర అడిగి పెట్టుండ్రి."

అడిగి పెడతానని మాటిచ్చాను.