పసిపాదాలు తెలిసిన సాయిబుగారు

ఏలూరులో బూట్లు కుట్టే సాయిబుగారు పోయారు. మా అన్నయ్యగారి రైసుమిల్లులో పనిచేసే గుమాస్తా ఏలూరు వెళ్లి వచ్చి, వసారాలో గొడుగు ముడుస్తూ చెప్పాడు. "వంతెన దగ్గర సాయిబుగారు పోయారటండి. శుక్రవారం పొద్దున్నట. కొట్టు మూసి ఉంది."

వదిన వడ్డిస్తున్న గరిటె ఆపింది. "ఎవరూ, మన బాబు కాళ్లు పాడుచేసిన ఆయనా? అయ్యో పాపం!"

"ఇంక ఆ మాట ఎత్తకు. అయిపోయిందేదో అయిపోయింది. మనసులో ఏమీ పెట్టుకోకూడదు," అన్నాడు అన్నయ్య.

అన్నయ్య పెద్దమనసుతో ఆయన్ని క్షమించాడు. నేను తలవంచుకుని మజ్జిగ కలుపుకుంటున్నాను. ఆ క్షమించే మాట వినడం కంటే చెంపదెబ్బ తినడం నయం. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు వైపు ఈ పత్రిక చదివే ఇళ్లలో చాలామంది ఆయన్ని ఎరుగుదురు. కొందరు ఆయన గురించి ఒక అబద్ధం కూడా ఎరుగుదురు.

కాలవ వంతెన దిగగానే ఎడమ పక్క ఆయన కొట్టు. పాత ఏలూరు తివాచీ ముక్క ఒకటి పరుచుకుని దాని మీద కూర్చునేవారు. నేను ఫస్టుఫారం చదివేటప్పటి నుంచి మద్రాసు కాలేజీకి వెళ్లేదాకా నా కాలిజోళ్లన్నీ ఆయన కుట్టినవే. "మీ ఎడమ కాలు రవ్వంత పెద్దదండి అమ్మాయిగారూ, ఎవరికీ చెప్పకండి," అని నవ్వేవారు. మద్రాసులో పెద్ద షాపులో కొన్న జోడు ఆ ఎడమ కాలినే కరిచింది. అప్పుడు ఆయన్ని తలుచుకున్నాను కూడా. తలుచుకుని ఏం లాభం, నేర్చుకోలేదు.

పెద్దవాళ్లకు టేపుతో కొలిచేవారు గాని పసివాళ్లకు ఆయన పద్ధతే వేరు. ముందు చేతులు సబ్బుతో కడుక్కునేవారు. తల్లి బిడ్డను చంకల కింద పట్టుకుంటే, తన అరచెయ్యి పరిచి దాని మీద నిలబెట్టమనేవారు. కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండేవారు. "వేళ్లతో నేలని పట్టుకుంటాడండి. ఏ వేలు ఎంత పడుతోందో చేతికే తెలుస్తుంది, టేపుకి తెలియదు." ఒకసారి ఎవరో అడిగితే, ఈ విద్య కొల్లేటి లంకల్లో నేర్చుకున్నానన్నారు. చిన్నప్పుడు అక్కడ మేనమామ ఇంట్లో పెరిగారట. "ఆ పిల్లల్ని చూడండి. బురదలో పరుగెడతారు, పడరు. వేళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. మనం జోడు కుట్టినా ఆ విసనకర్ర మడవకూడదండి. తొడిగిన సంగతి కాలు మరిచిపోవాలి."

మూడేళ్ల కిందటి మాట. బి.ఏ. ప్యాసయి, చెయ్యడానికి ఏ పనీ లేక, తాడేపల్లిగూడెంలో అన్నయ్య ఇంట్లో కనబడ్డ ప్రతిదాన్నీ సంస్కరిస్తున్న రోజులు. కిటికీలకు తెరలు కట్టించాను, వంటింట్లో పొగగొట్టం పెట్టించాను. పిల్లల పెంపకం గురించి ఒక ఇంగ్లీషు పుస్తకం తెప్పించాను. అన్నయ్య కొడుకు అప్పుడే గోడ వదిలి నాలుగడుగులు వేస్తున్నాడు. నడక నేర్చే బిడ్డకు చీలమండ కదలకుండా గట్టి అట్టతో, లేసులతో బూట్లు ఉండాలని ఆ పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. వదినతో పాటు నేనూ ఏలూరులో వాళ్ల పుట్టింట్లో ఉండగా, బాబును నేనే జట్కాలో సాయిబుగారి దగ్గరికి తీసుకెళ్లాను.

వాడు ఆయన అరచేతిలో నిలబడి కేరింతలు కొట్టాడు. మూడోనాడు వెళ్తే మెత్తటి మేకతోలు జోడు సిద్ధంగా ఉంది. నేను ఒకటి తీసి అడుగు మడిచి చూశాను. రెండుగా మడతపడింది.

"ఇవి బూట్లా, చేతిరుమాళ్లా?" అన్నాను. కొట్లో ఇద్దరు ప్లీడరు గుమాస్తాలున్నారు. ఒకాయన నవ్వాడు. ఆ నవ్వుతో నాకు మరింత ఊపొచ్చింది. "గట్టి అడుగు వెయ్యమన్నాను కదండీ. పుస్తకంలో స్పష్టంగా ఉంది."

"ఆ పుస్తకం రాసినాయన బిడ్డని చేతిలో నిలబెట్టి చూశారాండి?"

ఆయన ఎత్తిపొడవలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నాకు మాత్రం ఎత్తిపొడుపులాగే వినిపించింది.

"మీరు ఇంగ్లీషు చదవగలిగితే చెప్పండి, తెచ్చి ఇస్తాను."

"చదవలేనండి," అన్నారు. కాసేపు ఆ జోడును చేతుల్లో తిప్పారు. "సరేనండి. రేపు సాయంత్రం రండి. మీరన్నట్టే కుడతాను."

మర్నాడు బూట్లిస్తూ, "ఇంట్లో తొడగకండి. బయటికెళ్లినప్పుడు కాసేపు చాలు. మడమ ఎర్రబడితే వెంటనే..." అంటున్నారు. నేను అప్పటికే జట్కా ఎక్కుతున్నాను.

మా ఇళ్లలో బిడ్డ అడుగులు నేర్చినప్పుడు అరిసెలు వండి, వాటి మీద నడిపించి, నలుగురికీ పంచడం ఆనవాయితీ. శుక్రవారానికి ఏలూరు నుంచీ కైకలూరు నుంచీ చుట్టాలంతా తాడేపల్లిగూడెం దిగారు. అందరూ వ్యాపారస్థులు, నలుగురితో మాట్లాడితేగాని పొద్దుపోని వాళ్లు. అప్పటికి మూడు రోజులుగా నేను బాబుకు పొద్దున్నుంచి పడుకునేదాకా బూట్లు తియ్యనివ్వలేదు. ఏడిస్తే అలవాటు కావాలన్నాను. అరిసెల ముందు కూర్చోబెట్టి వదిన బూట్లు విప్పింది, మేజోళ్లు లాగింది. రెండు మడమలూ బొబ్బలెక్కి, ఒకటి చితికి ఉంది. అరిసె మీద నిలబెడితే వాడు కెవ్వుమని కాళ్లు పైకి ముడుచుకున్నాడు. ఎంత బతిమాలినా దించలేదు.

మా పెద్దమ్మ బూటు రెండు వేళ్లతో పట్టుకుని పైకెత్తింది. "తోలు వస్తువు పసివాడి ఒంటికి వద్దంటే విన్నారా? ఎవరు కొన్నారే ఇవి? బి.ఏ. మేనత్తగారేనా?"

అందరూ నా వైపు తిరిగారు. నన్ను చదివించడానికి అన్నయ్య ఈ పెద్దమ్మతోనే మూడేళ్లు మాటలు పడ్డాడు. నా చదువంతా ఆమె రెండు వేళ్ల మధ్య వేలాడుతున్నట్టనిపించింది.

"మెత్తగా కుట్టమనే చెప్పాను. సాయిబుగారే వినలేదు," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ముందుగా అనుకున్నది కూడా కాదు. "అంతేలే, వాళ్లకేం తెలుస్తుంది," అని పెద్దమ్మ బూటు కింద పడేసింది. నా చదువు బతికిపోయింది.

బాబు నెల దాటినా నిలబడలేదు, దోగాడుతూనే ఉన్నాడు. అన్నయ్య బూట్లు గుమాస్తా చేత తిప్పి పంపించాడు. సాయిబుగారు వాటిని తీసుకుని, మడమ లోపలి వైపు వేలితో చాలాసేపు తడిమి, "బాబు నిలబడుతున్నాడాండీ?" అని మాత్రం అడిగారట. తర్వాత గుమాస్తా ఎప్పుడు ఏలూరు వెళ్లినా అదే ప్రశ్న. లేచి నడుస్తున్నాడని విన్ననాడు గుమాస్తాకు టీ తెప్పించి ఇచ్చారట. గుమాస్తా ఇవన్నీ వచ్చి చెప్తుంటే నేను పుస్తకం అడ్డం పెట్టుకునేదాన్ని. ఏలూరు వెళ్తే వంతెన దారిన కాకుండా వేరే దారిన పోనిమ్మనేదాన్ని. "చుట్టుతిరుగుడు కాదాండీ?" అని జట్కావాడు గొణిగేవాడు. చుట్టుతిరుగుడే. మూడేళ్లు తిరిగాను.

ఈ మాటలన్నీ, ఆయన పోయిన కబురు గుమాస్తా తెచ్చిన ఆ పూట, విస్తరి ముందే చెప్పేశాను. వదిన నమ్మలేనట్టు చూసింది. అన్నయ్య చెయ్యి కడుక్కుని వచ్చి, "నాకు చెప్తే సరిపోతుందా? ఆ రోజు విన్నవాళ్లందరికీ ఎవరు చెప్తారు?" అన్నాడు. 

మర్నాడు పొద్దున్న బండికి ఏలూరు వెళ్లాను. కొట్టు వెనకే వాళ్ల ఇల్లు. ఆయన పెద్దకొడుకు, నా కంటే పదేళ్లు పెద్దాయన, వసారాలో కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు. రైల్లో కూడబలుక్కున్నదంతా చెదిరిపోయింది. "తప్పు నాదండి. మెత్తగా కుడితే నేనే వద్దన్నాను. ఇంట్లో మాత్రం..."

"తెలుసండి," అన్నారాయన. "ఆ రోజు నేను పక్కనే దారానికి మైనం పూస్తున్నాను. మీరు నన్ను చూడలేదు."

"మరి ఎవరికీ చెప్పలేదేమండీ? మీ కొట్టుకి ఎంత చెడ్డపేరొచ్చిందో..."

"చెప్తానంటే నాన్నగారు చెప్పనివ్వలేదండి. 'ఆ అమ్మాయికి తెలియదురా. నాకు తెలుసు. తెలిసీ కుట్టాను. బిడ్డ కాలు నా చేతిలో నిలబడ్డాక కూడా కుట్టాను,' అనేవారు. ఆ తర్వాత పసిపిల్లల జోళ్లు ఇంక కుట్టలేదండి. ఎవరొచ్చి అడిగినా, కళ్లు కనబడటం లేదని చెప్పి పంపించేసేవారు."

"కళ్లు కనబడేవా?"

"చివరిదాకా సూదిలో దారం ఆయనే ఎక్కించుకున్నారండి."

నేను మోపిన నేరాన్ని ఆయన తన నేరంగానే మోశారు. నేను చెప్పింది అబద్ధమని ఊరికి రాసి చెప్పగలను. ఆయన తనకు తాను వేసుకున్న శిక్ష తప్పని ఎవరితో చెప్పను? బాబుకు ఇప్పుడు నాలుగేళ్లు. మిల్లు ఆవరణంతా ఒట్టికాళ్లతో పరుగెడుతున్నాడు. ఒక్కసారి తీసుకొచ్చి ఆయనకు చూపించి ఉంటే చాలేది. గంటన్నర ప్రయాణం కూడా లేదు.

కొడుకు లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చేలోపు వసారా మూలకి చూశాను. సాయిబుగారి రెండేళ్ల మనవరాలు గోడవార కూర్చుని ఉంది. చేటలో చిన్న చిన్న చెక్క పాదాలు వరసగా పడుకోబెట్టుకుంది. పసిపిల్లల జోళ్లు బిగించి కుట్టడానికి వాడే అచ్చులవి. పని మానేశాక తాతగారు దానికి ఆడుకోవడానికి ఇచ్చేశారట. చేతుల్లో ఏళ్ల తరబడి నలిగి, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. ఆ పిల్ల వాటి మీద పాత గుడ్డ ఒకటి కప్పి జోకొడుతోంది. గుడ్డ చాలక ఒక పాదం బయటికే ఉండిపోయింది. దాన్ని చూసి, గుడ్డ ఇటు లాగింది. అటుపక్కది బయటపడింది. అటు లాగింది. నా వైపు చూసి, మాట్లాడొద్దన్నట్టు పెదవుల మీద వేలు పెట్టుకుని, బయటికున్న ఆ చెక్క పాదాన్ని అరచేత్తో కప్పింది.