మజ్జిగన్నం దాకా ఆగిన మాట

2016 జూలై. ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్ నేల అయిపోయాక, ఇంకా అట్లాంటిక్‌లోకి వెళితే సిల్లీ దీవులు వస్తాయి. అక్కడ తెల్లటి ఇసుక, ఆకుపచ్చ నీళ్ళు, తోటల్లో తాటిజాతి చెట్లు. బ్రిటన్ దాటకుండా ఉష్ణమండలం చూడాలనుకునేవాళ్ళకి అదే దిక్కు. నీళ్ళు మాత్రం కాలు పెడితే గుండె జల్లుమనేంత చల్లన. ఆ దీవుల్లో ట్రెస్కో, బ్రయర్ అనే రెండింటి మధ్య ఉన్న నీటిపాయలో, పాత రాతికోట పక్కన, నా ఉద్యోగంలో నేను మరిచిపోలేని ఒక భోజనం జరిగింది.

నేను యాట్ స్కిప్పర్‌ని. తెరచాప పడవ కొనుక్కుని, నడపడం ఇంకా పూర్తిగా రానివాళ్ళతో పాటు వెళ్ళి నేర్పిస్తాను. 2008లో మాస్టర్స్ చదవడానికి విశాఖ నుంచి సౌతాంప్టన్ వచ్చాను. ఫ్రీ పిజ్జా పెడుతున్నారంటే సెయిలింగ్ క్లబ్‌కి వెళ్ళాను, ఇప్పటికీ ఒడ్డుకు తిరిగి రాలేదు. మా నాన్న మాత్రం ఎవరడిగినా “అమ్మాయి షిప్పింగ్‌లో ఉందండీ” అని గంభీరంగా చెబుతాడు. అబద్ధమని అనలేం కదా!

ఆ వారం నన్ను పిలిచింది బేసింగ్‌స్టోక్‌లో ఉండే శ్రీనివాస్. ఇన్సూరెన్స్ కంపెనీలో ఐటీ ఉద్యోగం. ఆయన భార్య సునీత హాస్పిటల్లో నర్సు. భార్యకు చెప్పకుండా శ్రీనివాస్ ఒక సెకండ్ హ్యాండ్ పడవ కొన్నాడు. దాని పేరు మార్గరెట్. పడవకి పేరు మారిస్తే అరిష్టమని ఇక్కడివాళ్ళ నమ్మకం కాబట్టి అదే ఉంచాడు. వేసవికి పాలకొల్లు నుంచి వచ్చిన వాళ్ళత్తగారు వరలక్ష్మి గారు మొదటిరోజే దానికి బొట్టు పెట్టి మార్గరెట్టమ్మ అనేశారు.

సునీత బయలుదేరే ముందే నాకు సంగతి చెప్పేసింది.

“మాధవీ, మొహమాటం లేకుండా చెప్తున్నా. ఈ వారం అంతా సేఫ్‌గా అనిపిస్తే పడవ ఉంటుంది. లేకపోతే ఇంటికెళ్ళగానే అమ్మకానికి పెట్టేస్తాం. ఆయన కూడా ఒప్పుకున్నాడు.”

శ్రీనివాస్ ఒప్పుకున్న మొహం చూస్తే పెళ్ళిచూపుల్లో కూర్చున్న పెళ్ళికొడుకులా ఉంది. ఆ పడవంటే అతనికి ప్రాణం. తాళ్ళన్నీ చుట్టలు చుట్టి పెట్టడం చూస్తేనే తెలిసిపోతుంది.

తెల్లవారుతుండగా కార్న్‌వాల్ రేవు నుంచి బయలుదేరి, మధ్యాహ్నానికి ఆ నీటిపాయ చేరాం. ఉత్తరపు గాలి. దారంతా ఎగుడుదిగుడు అలలు, చుక్కాని దగ్గర ఎక్కువసేపు నేనే. ఉదయం ఒక బిస్కెట్టు తప్ప ఏమీ తినలేదు.

యాంకర్ గురించి ఒక మాట. లంగరు బరువు వల్ల పడవ ఆగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నీటి లోతుకు నాలుగైదింతలు గొలుసు వదిలితే అది అడుగున పడుకుని లంగరును అడ్డంగా లాగుతుంది. అప్పుడే అది ఇసుకలో దిగబడుతుంది. వదిలాక ఇంజన్‌ను వెనక్కి నడిపి లాగి చూస్తాం. శ్రీనివాస్ ముందుభాగంలో నిలబడి గొలుసు వదిలాడు, నేను లాగి చూశాను. గట్టిగా పట్టింది.

అయినా పట్టు ఎప్పుడైనా జారొచ్చు. దాన్ని డ్రాగింగ్ అంటారు. అది తెలుసుకోవడానికి ఒడ్డు మీద ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు చూసుకోవాలి. దాన్ని ట్రాన్సిట్ అంటారు. పడవ కదిలితే మోగే అలారం ఫోన్‌లో ఉన్నా, కన్నును మించింది లేదు. ఆ పని వరలక్ష్మి గారికి అప్పగించాను.

“ఆంటీ, నీళ్ళ అంచున గుండ్రటి కోట ఉంది చూశారా?”

“గాదెలాగ ఉంది, అదేనా?”

“అదే. దాని వెనక కొండ మీద మొండిగోడ ఉంది. రెండూ ఒకే వరసలో ఉన్నంతసేపూ మనం కదల్లేదన్నట్టు. గోడ పక్కకి జరిగితే చెప్పండి.”

“ఓస్, ఇంతేనా! మా పక్కింటావిడ వాకిట్లోకి ఎవరొచ్చారో, ఎవరెళ్ళారో చూడ్డం కంటే సులువే.”

వాన తుంపర మొదలైంది. మేం ముగ్గురం కేబిన్‌లో కూర్చున్నాం. ఆంటీ గుమ్మం మెట్ల మీద కూర్చున్నారు. ఒక కన్ను గాదె మీద, ఒక కన్ను మా కంచాల మీద. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, సాంబారు, వేయించిన గుమ్మడి వడియాలు. పడవలో నేను ఎనిమిదేళ్ళుగా తిన్నవి శాండ్‌విచ్‌లూ, వేణ్ణీళ్ళు పోసుకునే నూడుల్సూ. పప్పన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్ళు మూసుకుపోయాయి.

కాసేపటికి ఆంటీ తొందర పెట్టడం మొదలుపెట్టారు. “కానీ తల్లీ, కానీ. సాంబారు తర్వాత తాగుదూగానిలే. ఇదిగో మజ్జిగ.”

“ఏంటాంటీ, ఇంకా వడియాలు కూడా అవలేదు!”

“వడియాలెక్కడికీ పోవులే. నువ్వు మజ్జిగన్నం కలుపుకో.”

కలుపుకున్నాను. నాలుగు ముద్దలు తిన్నానో లేదో, బయట నుంచి, మరీ దగ్గర నుంచి, ఒక మగ గొంతు ఇంగ్లీషులో వినిపించింది. “క్షమించాలి. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. కానీ మీరు కొంచెం నా మీదికి వస్తున్నట్టున్నారు.”

ఒక్క గంతులో పైకి వెళ్ళాను. మా వెనక లంగరేసి ఉన్న పడవ ముందుభాగంలో తెల్లగడ్డం పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో టీ మగ్గు. ఇంకో చేతిలో ఫెండర్, అంటే పడవలు రాసుకోకుండా మధ్యలో వేలాడదీసే గాలిదిండు. చెయ్యి చాస్తే మగ్గు అందుకోవచ్చు. ఇంకొంచెం ఆగితే మార్గరెట్ చుక్కాని ఆయన పడవకి గుద్దుకుని విరిగేది. శ్రీనివాస్ కల కూడా అక్కడే విరిగేది.

కుడిచేతికి మజ్జిగన్నం. ఎడంచేత్తో ఇంజన్ స్టార్ట్ చేశాను. సునీత ఆ ఫెండర్ అందుకుని మధ్యలో పెట్టింది. శ్రీనివాస్ గొలుసు లాగే మోటారు దగ్గరికి పరుగెత్తాడు. తాపీగా అప్పుడు మోగింది ఫోన్ అలారం. పైకొచ్చిన లంగరుకు గడ్డిమోపంత సముద్రపు నాచు చుట్టుకుని ఉంది. అది ఇసుకలో దిగలేదు, నాచు వేళ్ళని పట్టుకుంది. ఆ నాచు కాసేపు మమ్మల్ని ఆపి, తర్వాత వేళ్ళతో సహా ఊడి వచ్చేసిందన్నమాట. ముందుకు వెళ్ళి, నీటి కింద లేత రంగులో ఇసుక కనబడేచోటు వెతికి, మళ్ళీ వేసి, రెండుసార్లు లాగి చూశాను.

పెద్దాయనకి క్షమాపణ చెప్పాను. ఎప్పుడు గమనించారని అడిగాను.

“చాలాసేపైంది. టీ పెట్టుకునే ముందే. కానీ మీరు భోజనం చేస్తున్నారు కదా, మధ్యలో కదిలించడం బాగుండదనిపించింది.”

నేను మెల్లగా ఆంటీ వైపు తిరిగాను.

“గోడ జరగడం మీరు చూశారా?”

“చూడకేం? నువ్వు పప్పులో నెయ్యి కలుపుకుంటుంటేనే గాదె వెనకాల నుంచి బయటికొచ్చేసింది.”

“మరి చెప్పలేదేం ఆంటీ!”

“అదేంటమ్మా అలాగంటావు? అన్నం ముందు కూర్చున్న మనిషిని ఎవరైనా లేపుతారా? అందులో నువ్వు పొద్దున్నుంచీ ఖాళీ కడుపుతో చక్రం తిప్పుతున్నావు. మజ్జిగన్నం దాకా వస్తే చెబుదామని చూస్తున్నాను.”

నాకు కోపం రావాలి. రాలేదు, ఏడుపొచ్చింది. ఈ ఉద్యోగంలో నన్ను వాతావరణం అడిగినవాళ్ళున్నారు, తిన్నావా అని అడిగినవాళ్ళు లేరు.

శ్రీనివాస్ భయంభయంగా, “అత్తయ్యా, భయమేసిందా?” అన్నాడు.

“భయం దేనికి బాబూ? పిల్ల సగంలో లేచిపోతుందేమోనని దిగులేసింది గానీ.”

“నాకేసింది భయం,” అంది సునీత. నవ్వడం లేదు. “నీళ్ళంటే కాదు. మా వార్డులో ఎంత చిన్న ఉద్యోగులైనా సరే, ఏదైనా తేడాగా కనిపిస్తే వెంటనే అరవాలి. మన ఇంట్లో ఏదీ వేళకి చెప్పరు. ఈయన పడవ కొని చెప్తాడు, అమ్మ పడవ కొట్టుకుపోయాక చెప్తుంది. అమ్మేద్దాం.”

శ్రీనివాస్ వెళ్ళి, చుట్టి ఉన్న తాళ్ళనే మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. మిగిలిన వడియాలు ఎవరూ ముట్టుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం అక్కడే, అదే కేబిన్‌లో పులిహోర. ఇష్టంగా రెండో ముద్ద ఎత్తాను.

“లే తల్లీ! గోడ జరిగింది!” ఆంటీ గొంతు దీవి మొత్తానికి వినబడి ఉంటుంది.

పరుగెత్తాను. శ్రీనివాస్ నాకంటే ముందే లంగరు దగ్గరికి వెళ్ళిపోయాడు. చూస్తే ఏమీ లేదు. ఆటుపోటు తిరగడంతో పడవ గొలుసు చుట్టూ కొంచెం పక్కకి తిరిగిందంతే. కిందికి వచ్చేసరికి నా కంచం మీద ఇంకో కంచం మూతపెట్టి ఉంది. ఆంటీ మొహం చిన్నబోయింది.

“అనవసరంగా లేపేశానామ్మా?”

“లేదాంటీ. ఇలాగే లేపండి. వందసార్లైనా లేస్తాను.”

అప్పుడు శ్రీనివాస్ తడిచేతులతో గుమ్మంలో నిలబడి, “సునీతా, నీకు చెప్పకుండా కొనడం తప్పే. ఇప్పుడు అడుగుతున్నా. దీన్ని ఉంచుకుందామా?” అన్నాడు.

సునీత తల్లి వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. “అమ్మ అన్నం ముందు నుంచి మనిషిని లేపిందంటే ఇక ఈ ఇల్లు బాగుపడినట్టే. ఉండనీ మార్గరెట్టమ్మని,” అని పులిహోర గిన్నె ఇటు జరిపింది.

ఆ తర్వాత ఎంతోమందితో ఎన్నో చోట్ల లంగరు వేశాను. బయలుదేరే ముందు లైఫ్‌జాకెట్ల గురించీ, గ్యాస్ గురించీ చెప్పాక, ఇప్పుడు ఒక మాట కలుపుతాను. పడవ కదిలిందనిపిస్తే నేను తింటున్నా సరే, లేపండి అని. వినేవాళ్ళ మర్యాద ఎక్కడ అడ్డొస్తుందో ముందే ఊహించి చెప్పకపోతే, ఎంత బాగా చెప్పినా చెప్పనట్టేనని నాకు ఆ మొండిగోడ నేర్పింది. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటకి నవ్వేసి తలూపుతారు. మన ఆంటీలు మాత్రం వెంటనే ఒప్పుకోరు. కాసేపు ఆలోచించి, “అలాగేలే. కానీ వచ్చి మళ్ళీ తినాలి మరి,” అంటారు.