సామ్యేలు మేస్త్రి విన్న చప్పుడు

మొన్న పక్కింటావిడ ఆముదం పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. మాడిన వాసన కిటికీలోంచి వచ్చి నా గదంతా పరుచుకుంది. ఆవిడ కంగారుగా వచ్చి ఏదో చెబుతుంటే నేను సగమే విన్నాను. నా మనసప్పటికే యాభై ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళిపోయింది. ఎండలో తెల్లగా మెరిసే ఒక సిమెంటు బాట. దాని మీద ఆముదం కలిపిన చమురు తాగి గర్జిస్తున్న ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఆ ఇంజను పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న సామ్యేలు మేస్త్రి.

అరవైల చివర విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరాను. మాది పాతపట్నం వైపు వ్యవసాయ కుటుంబం. ఇంట్లో డిప్లొమా చదివిన మొదటివాణ్ణి నేనే. ఆ గర్వం నా నడకలో కూడా కనిపించేదనుకుంటాను. వర్క్‌షాపులో సామ్యేలు హెడ్ మేస్త్రి. కాగితం మీద ఆయనకు నేను పై అధికారిని. ఆయన యాభై దాటిన సన్నటి మనిషి, బాప్టిస్టు చర్చిలో సంఘపెద్ద. ముప్పై ఏళ్ళు మగ్గాల హోరులో పనిచేసి చెవులు దాదాపు పోగొట్టుకున్నాడు. మనుషుల మాట పెదాలు చూసి తెలుసుకునేవాడు. యంత్రాల మాటకు మాత్రం ఆయన దగ్గర ఒక ఇనుప కడ్డీ ఉండేది. ఒక కొన యంత్రానికి ఆనించి, రెండో కొన పళ్ళ మధ్య పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. చప్పుడు ఎముకల గుండా లోపలికి వెళ్ళేది. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. అలా పట్టుకునే ఆయన ఓ పెద్ద మోటారులో పాడైన బేరింగు ఏదో చెప్పాడు. విప్పి చూశాక నవ్వు ఆగిపోయింది.

ఆ రోజుల్లో రెండో ప్రపంచ యుద్ధం కోసం వేసి వదిలేసిన విమానాల బాట ఒకటి మాకు కొంత దూరంలో ఉండేది. సరదాగా కార్లు నడిపేవాళ్ళు కొందరు అక్కడ చేరి పావు మైలు పందేలు పెట్టుకునేవారు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి ఒక్కసారి దూకాలి, అంతే. ఒక పాత ఎస్టేటు వారసుడు, అందరూ చిన్నబాబు అనే ఆయన, తాతగారి అమెరికా కారును ఆ పందేనికి మా వర్క్‌షాపులో తయారు చేయించాలనుకున్నాడు. మేనేజరు సరేనన్నాడు. షిఫ్టు అయ్యాక సాయంత్రాలు మేస్త్రి, నేను ఆ పనికి కూర్చున్నాం.

అంత పెద్ద ఇంజను నేనెన్నడూ చూడలేదు. అరిగిన సిలిండర్లను తొలిచి ఇంకా పెద్దవి చెయ్యాలన్నాడు మేస్త్రి. తొలవడానికి కావలసిన పనిముట్టు లేదు. తనే లేత్ మీద చేసుకున్నాడు. ఎనిమిదీ తొలిచాక నేను గేజితో కొలిచి, అన్నీ సమానంగా ఉన్నాయన్నాను. మేస్త్రి ఒక్కోదాంట్లో బొటనవేలు పెట్టి నెమ్మదిగా కిందికి రాశాడు. ఐదోదాని దగ్గర ఆగాడు.

“ఇది అడుగున బిగువుగా ఉన్నాది బాబూ. మళ్ళీ సూడండి.”

మళ్ళీ కొలిచాను. నేను పైభాగమే కొలిచి వదిలేశాను. అడుగున వెంట్రుకలో సగమంత తేడా ఉంది. ఆ బొటనవేలి వైపు చాలాసేపు చూశాను. నా చదువులో అటువంటి పనిముట్టు లేదు.

పిస్టన్లన్నీ ఒకే బరువుండాలని వాటిని సంచిలో వేసుకుని విజయనగరంలో ఒక కంసాలి దగ్గరికి వెళ్ళాడు. బంగారం తూచే త్రాసులో తూచి, గురిగింజెత్తు తేడా ఉన్నా ఆకురాయితో రుద్దేవాడు. ఇంజను బిగించే రోజులు వచ్చేసరికి మిల్లులో ఎగిరే జనపనార ధూళి ఆయనకు బెంగయింది. దాంతో ఆ ఇనుప ముద్దను బండి మీద తన ఇంటికే తీసుకుపోయాడు. ముందు గది కడిగించి, గుమ్మాలకు తడిపిన చీరలు కట్టించాడు. తుడవడానికి పొందూరు పాత పంచెలు తెప్పించాడు, ఉతికి ఉతికి మెత్తబడ్డ ఆ బట్ట పోగు రాల్చదని. ఆయన భార్య మార్తమ్మ నాకు టీ ఇస్తూ అంది: “సూసేరా బాబూ, మా ఆయన ఇంజనుకి పురుడు పోస్తన్నాడు. నాకు నలుగురు పుట్టినప్పుడు కూడా ఇంత శుబ్బరం లేదు.”

పిస్టన్లను కింద ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్ల నట్లు బిగించి, అవి వదులవకుండా ఒక్కోదానికి ఒక పిన్ను దూర్చి వంచాలి. రాడ్డుకు రెండు చొప్పున మొత్తం పదహారు. ఆ పని నాకిచ్చాడు. సగంలో చిన్నబాబు చూడటానికొచ్చాడు. నేను లేచి, ఈ ఇంజను ఎంత బలమివ్వగలదో లెక్కలు కట్టి గొప్పగా వివరించాను. ఆయన వెళ్ళాక మళ్ళీ కూర్చుని పని ముగించాను.

“అన్నీ పెట్టేరా?” అన్నాడు మేస్త్రి.

“పెట్టేశాను.”

“ఎన్ని?”

“పదహారు,” అన్నాను, లెక్కపెట్టకుండానే. ఆయన అడుగున చమురు తొట్టి బిగించేశాడు.

పందెం శనివారం. ముందు రాత్రికి గానీ ఇంజను కారులోకి ఎక్కలేదు, నడిపి చూసే వ్యవధి లేకపోయింది. ఇంజను మొదలవగానే మేస్త్రి చమురులో కలిపిన ఆముదం వాసన లేచింది, చుట్టూ ఉన్న జనం రెండడుగులు వెనక్కి వేశారు. ఆ చప్పుడు నా గుండెల్లోకి దిగింది. మేస్త్రి కడ్డీ పళ్ళతో పట్టుకుని వంగాడు. చెయ్యెత్తాడు.

“ఆపండి బాబూ.”

“బ్రహ్మాండంగా ఉంది కదా మేస్త్రీ,” అన్నాడు చిన్నబాబు. నాకూ ఏమీ తేడా తెలియలేదు. ఆ మాటే చెప్పాను.

“మూడోదానికాడ ఎవులో తలుపు తడతన్నట్టున్నాది. ఇప్పాల.”

“ఇప్పుడు విప్పితే మన వంతు పోతుంది,” అన్నాడు చిన్నబాబు.

“పోనీండి. ఇలాగెల్తే మనిసి పోతాడు.”

అందరూ చూస్తుండగా ఆ ఎండలో తొట్టి దింపాం. మూడో రాడ్డు దగ్గర ఒక నట్టు రెండు చుట్లు వదులైంది. పిన్ను ఉండాల్సిన రంధ్రం ఖాళీగా ఉంది. ఆ రాడ్డు ఊడితే ఇంజను ముక్కలై, కారు నడిపే చిన్నబాబు మీదికే వచ్చేది.

“ఇది ఎవరు చూశారు?” చిన్నబాబు గొంతు మారింది.

మేస్త్రి నా వైపు ఒక్కసారి చూశాడు. “నాను సూసుకోలేదు బాబూ. తప్పు నాదే.”

నేను నోరు విప్పలేదు.

మా వంతు పోయింది. నట్టు బిగించి, పిన్ను వేసి, అంతా మళ్ళీ కూర్చేసరికి పందేలు ముగిశాయి. నిర్వాహకులు దయతలచి, పొద్దు వాలే వేళ మా కారును ఒంటరిగా ఒక్కసారి పరిగెత్తనిచ్చారు. మేస్త్రి చెప్పులు విడిచి సిమెంటు బాట మీద వట్టి కాళ్ళతో నిలబడ్డాడు. కారు దూకింది. నేల వణికింది. ఆ వణుకు నా మోకాళ్ళ దాకా పాకింది. మనిషి చేతులతో, కంసాలి త్రాసుతో, పాత పంచెలతో తయారైన వస్తువు అంత శక్తిని మోయగలదని నేను నమ్మలేకపోయాను. మేస్త్రి కాలివేళ్ళు సిమెంటును పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి.

“ఎనిమిదీ పలుకుతన్నాయి బాబూ,” అన్నాడు.

బహుమతి లేదు. ఆ మాటే మాకు మిగిలింది.

సోమవారం పొద్దున్నే ఆయన దగ్గరికి వెళ్ళాను. “నా తప్పు మీ మీద ఎందుకు వేసుకున్నారు?” అన్నాను. ఆయన నా పెదాలు చూస్తూ విని, ఆశ్చర్యపోయాడు.

“మీదెందుకేసుకుంటాను? ఎన్నని అడిగేను. పదారన్నారు. నాను లెక్కెట్టకుండా మూసేసేను. నా తప్పు నాను సెప్పుకున్నాను. మీది మీరు సెప్పుకోవాల.”

కోపం లేదు, బోధ కూడా లేదు. అంతే చెప్పి లేత్ వైపు తిరిగాడు. నేను సైకిలెక్కి ఎస్టేటుకు వెళ్ళి చిన్నబాబుకు జరిగింది చెప్పాను. “మేస్త్రి ఆపకపోతే నేనుండేవాణ్ణి కాదు,” అన్నాడాయన. తిరిగొచ్చేసరికి మేస్త్రి నా కోసం ఒక పంపు విప్పి పెట్టి ఉంచాడు. దాన్ని నేనొక్కణ్ణే బిగించాలన్నాడు.

ఆయన పోయి చాలా కాలమైంది. తర్వాత నేను వేరే మిల్లులో చీఫ్ ఇంజనీరునయ్యాను. ఒకసారి కొత్తగా బిగించిన యంత్రం విరిగి పని ఆగింది. విచారణకు కూర్చున్నాం. బిగించిన కుర్ర ఇంజనీరు తల వంచుకుని బల్ల అంచును గోటితో గీస్తున్నాడు. నేను మొదట నా సంగతి చెప్పాను: పని సరిగా ఉందని సంతకం పెట్టే ముందు వెళ్ళి చూడాల్సింది, చూడలేదు. అతను తలెత్తాడు. నాకు రెండు రోజులు పట్టిన మాటను అతను అక్కడికక్కడే చెప్పేశాడు.