పదిహేడో పెట్టెకు విశ్రాంతి

ల్యాబ్‌లో ఆమెను అందరూ పిన్నిగారనే పిలిచేవారు. కణాలకు మేత వేయడం ఆమె పని. నవ్వకండి, అక్కడ ఆ మాటే అనేవారు. వెచ్చటి బీరువాలోంచి పెట్టెలు తీసి, పాత నీళ్లు తోడేసి, గులాబీ రంగు నీళ్లు కొత్తవి పోయాలి. ఇరవై రెండేళ్లుగా పోస్తోంది. ఒక్క చుక్క ఒలికిందని ఎవరి చేతా అనిపించుకోలేదు.

పదిహేడో నంబరు పెట్టె దగ్గర మాత్రం ఆమె చెయ్యి కాసేపు ఆగేది. అందులోవి ఆమె భర్తవి. ఆయన గుండె ఆపరేషన్‌కు కాలిలోంచి తీసిన రక్తనాళంలో ఓ ముక్క మిగిలితే, పరిశోధనకు ఇస్తున్నామని ఆమే సంతకం పెట్టింది. ఆ కాగితం మీది నంబరే ఈ పెట్టె మీదా ఉంది. దాతలెవరో బయటపడకూడదన్నది రూలు, అందుకని ఆమె నోరు మెదపలేదు. ఆయన పోయి ఏడు నెలలైంది. ఆ నాళం లోపలి పొర కణాలు మాత్రం, చిన్న పంపు తోసే నీళ్ల కింద బతికే ఉన్నాయి.

కళ్లు మూసుకుంటే ఆ పంపు శబ్దం ఆమెకు ఆయన చెప్పుల చప్పుడులాగే వినబడేది. ఆయన పోస్ట్‌మాన్. ముప్ఫై ఏళ్లు వీధులన్నీ కాళ్లతో కొలిచిన మనిషి. ఆపరేషన్ అయ్యాక, "వీధి చివరిదాకా వెళ్లొస్తానే" అంటే, ఆమె ఆయన చెప్పులు మంచం కింద దాచేసేది. "ఇంకెంత తిరుగుతారండీ, కాస్త నడుం వాల్చండి."

పెట్టెతోనూ అదే వరస. సాయంత్రం అందరూ వెళ్లాక పంపు ఆపేసేది, పొద్దున్నే అందరికంటే ముందొచ్చి వేసేది. పాపం, అంతసేపు ఆ తాకిడికి ఎలా తట్టుకుంటారు! అంత పనిమంతురాలు, ఆయన దగ్గరికొచ్చేసరికి ఇలా తయారైంది.

ఇలా పంపు ఆపడం మొదలెట్టిన ఆరో వారంలో, ఆమె కూతురి వయసున్న డాక్టరమ్మ మైక్రోస్కోప్ దగ్గరికి పిలిచింది.

"పిన్నిగారూ, చూడండి. ఇవి తామెవరో మరిచిపోయాయి."

నీటి వాలుకు వరసగా ఒదిగి ఉండాల్సిన కణాలు నారపోగుల్లా సాగి, ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి.

"ఏమైందమ్మా వీటికి?"

"అన్ని కణాల్లోనూ ఉండేది ఒకటే పుస్తకం. ఏ పేజీ తెరవాలో, ఏది మూసి ఉంచాలో చెప్పే గుర్తులుంటాయి. వాటివల్లే ఇది నాళం పొర అవుతుంది, అది కండ అవుతుంది. పైన నీళ్లు పారుతుంటేనే వీటి గుర్తులు నిలుస్తాయి. ఆగితే చెదిరిపోతాయి. మన పంపు బానే ఉంది మరి. దాత కణాలే నాసిరకమేమో. పారేద్దాం."

నాసిరకం! ఆ మాట ఆమె గుండెల్లో గుచ్చుకుంది. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది, ఆయన చెత్తబుట్టలోకి పోతాడు.

"ఆయన నాసిరకం కాదమ్మా. రోజూ సాయంత్రం పంపు ఆపేసింది నేనే. అలిసిపోతారని."

'ఆయన' ఎవరో అర్థమయ్యేసరికి, కోప్పడబోయిన డాక్టరమ్మ పెట్టెకు పంపు గొట్టం మళ్లీ తగిలించింది.

"మళ్లీ గుర్తొస్తుందా వాటికి?" అని అడిగింది పిన్నిగారు.

"చెప్పలేనండీ. చెదిరింది గుర్తులే, పుస్తకం అలాగే ఉంది. చూద్దాం. కానీ ఆ పంపు మీద ఇక చెయ్యి వేయకండి."

డాక్టరమ్మ వెళ్లిపోయింది. కిటికీలోంచి పడ్డ ఎండలో గులాబీ నీళ్లు మెల్లగా కదులుతున్నాయి. పిన్నిగారు కళ్లు మూసుకుంది. ఎక్కడో ఓ పొడవాటి వీధి, భుజాన సంచీతో ఆయన, తలుపు తలుపు దగ్గరా ఆగుతూ.

"మీ చెప్పులు మంచం కిందే ఉన్నాయండీ," అంది పెట్టెతో. "వెళ్లిరండి."