ముప్పై మిషన్లు ఆపిన చూపు

ఒక్క మాట గట్టిగా అనకుండా, ఒక్క మీట నొక్కకుండా, ముప్పై కుట్టు మిషన్లని నేను ఒకే ఒక్క పొద్దున్న ఆపేశాను. కరెంటు పోలేదు. సమ్మె లేదు. తుఫాను హెచ్చరిక అసలే లేదు. కేవలం నా నాయకత్వ లక్షణాలు చూసి ఆగిపోయాయి. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీలో ఎవరైనా కొత్తగా మేనేజర్లు అయి ఉంటే కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి, ఎక్కువగా పనికొచ్చేది మీకే.

రాజాం దగ్గర ఒక గోనెసంచుల మిల్లులో, సంచులు కుట్టే సెక్షన్‌కి నన్ను మేనేజర్ని చేశారు. చేశారంటే పూర్తిగా చెయ్యలేదు. ఆరు నెలలు చూస్తాం, నచ్చితే ఉంచుతాం, లేకపోతే మళ్లీ సూపర్‌వైజరుగానే పని చేసుకోమన్నారు. అయిదు నెలలు గడిచాక హెడ్డాఫీసు నుంచి నా ఫోనుకి ఒక లింకు వచ్చింది. అందులో పన్నెండు వీడియోలు. మేనేజర్లని నాయకులుగా మార్చే వీడియోలట. పన్నెండూ చూడాలి, నేర్చుకున్నది మన మనుషుల ముందు చేసి చూపించాలి, అది వీడియో తీసి పంపాలి. మార్కులు వాళ్లు వేస్తారు. నేను మేనేజరుగా ఉండడం, ఊడడం ఆ మార్కుల మీదే.

ఇక్కడ నా గురించి ఒక నిజం ఒప్పుకోవాలి. నేను పగటికలల మనిషిని. చీపురుపల్లిలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నానంటే ఈ లోకంలో ఉండను. ఒకసారి అలాగే కలలో పడి రాజాం దాటిపోయి పాలకొండలో తేలాను. కండక్టరు భుజం తట్టి దింపితే, వాడికి థాంక్స్ చెప్పి, అక్కడ దిగడానికే వచ్చినట్టు ముఖం పెట్టుకుని నడిచాను.

అలాంటివాడికి ఆ వీడియోలు దొరికాయి. చలికాలం. బస్సు కిటికీ అవతల పొలాల మీద మంచు తెల్లగా పరుచుకుని ఉండేది. చెవుల్లో ఆ వీడియోల వేణువు. ఫోనులో అద్దాల గోడల ఆఫీసు, అందులో నీలం చొక్కా వేసుకున్న ఒక నాయకుడు. ఆ ఆఫీసులో ఎవరూ గబగబా నడవరు. ఎవరికీ చెమట పట్టదు. కిటికీలోంచి ఎండ కూడా అడిగి లోపలికి వచ్చినట్టు వస్తుంది. వెనకనుంచి ఒకావిడ జోల పాడుతున్నట్టుగా చెప్పేది: "నాయకుడు ముందు మౌనంగా నిలబడతాడు. తర్వాత ఒక్కొక్కరి కళ్లలోకి చూస్తాడు. తర్వాత ఒక్కొక్కరినీ పూర్తి పేరుతో పిలుస్తాడు. చివరగా చిరునవ్వు నవ్వుతాడు."

అంతే. పేరు పెట్టి పిలవగానే వీడియోలో వాళ్ల ముఖాలు విప్పారేవి. చప్పట్లు కొట్టేవారు. మంచులోంచి బస్సు మెల్లగా సాగిపోతుంటే, ఆ నీలం చొక్కాలోకి నేను దూరిపోయేవాణ్ణి. మా సెక్షన్‌కి అద్దాల గోడలు వచ్చేసేవి. గోనెసంచులు కూడా వేణువు విని కాస్త మెత్తబడినట్టు కనిపించేవి. ఆదివారం నాడు రాజాం బజారుకి ప్రత్యేకంగా వెళ్లి అలాంటి నీలం చొక్కానే కొనుక్కున్నాను.

ఇంట్లో సాధన మొదలుపెట్టాను. నా భార్య రాజేశ్వరి కూరగాయలు తరుగుతుంటే ఎదురుగా నిలబడి, చేతులు ముందుకి కట్టుకుని, మౌనంగా కళ్లలోకి చూశాను.

"ఏటలగ సూస్తన్నారు? కడుపులో నొప్పా?" అంది.

నేను మాట్లాడలేదు. ఇంకాస్త లోతుగా చూశాను.

"ఏదో తప్పు సేసొచ్చారు. సెప్పీయండి, నానేటీ అనను."

ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పెట్టి పిలిచాను. రాజేశ్వరి కత్తిపీట మీంచి లేచింది. ఆ తర్వాత అరగంట సేపు, ఏ తప్పూ చెయ్యలేదని నేను ఆవిడకి నిరూపించుకోవలసి వచ్చింది. పాఠం నేర్చుకున్నాననుకుంటున్నారా? లేదు. ఇంట్లోవాళ్లకి నాయకత్వం అర్థం కాదులే అనుకున్నాను.

ఇప్పుడు మా సెక్షన్ సంగతి కొంచెం చెప్పాలి. మా దగ్గర ఎవరికీ పేర్లు ఉండవు. హాజరు పట్టీలో ఉంటాయేమో గానీ నోట్లో ఉండవు. మావ, బావ, పిన్ని, ఒదిన, తమ్ముడు, అంతే. నేను మిల్లులో చేరిన వారానికే సగం మందికి అల్లుణ్ణి, మిగతా సగానికి తమ్ముణ్ణి అయిపోయాను. ముఖ్యంగా మేస్త్రి పైడయ్య మావ. మిషన్‌కి దారం ఎక్కించడం దగ్గర్నుంచి నాకు అన్నీ నేర్పిన మనిషి ఆయన. భుజాన ఎర్ర తువ్వాలు, నోట్లో ఎప్పుడూ "అల్లుడా". మా ఇద్దరికీ ఆ చుట్టరికం ఎటునుంచి వచ్చిందో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

ఇంకొక్క సంగతి. మా మిల్లులో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు వినిపించే సందర్భం ఒక్కటే. లేఆఫ్ ఇచ్చే రోజు. ఆ రోజు మేనేజరు వస్తాడు, కాసేపు మౌనంగా నిలబడతాడు, అందరి ముఖాలూ చూస్తాడు, పేర్లు చదువుతాడు. పేరు వినిపించినవాళ్లు అన్నం డబ్బాలు సర్దుకుని ఇంటికి పోతారు. నేను చేరాక అలాంటివి మూడు చూశాను. మీకు ఇప్పటికే అర్థమైపోయింది. నాకు మాత్రం అవలేదు.

ఆ పొద్దున్న ఎనిమిది గంటలకి నీలం చొక్కా ఇస్త్రీ చేసి వేసుకుని సెక్షన్‌లోకి వెళ్లాను. సాయంత్రానికి లారీ వస్తుంది, ధాన్యం సంచుల పెద్ద ఆర్డరు ఎక్కించాలి. మిషన్లన్నీ జోరుగా నడుస్తున్నాయి. వీడియో తియ్యడానికి, హాజరు వేసే టైమాఫీసు గుమాస్తా లలితని వెంటబెట్టుకెళ్లాను. పైన వెంటిలేటర్లలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ వెలుగులో నార ధూళి బంగారు రంగులో మెల్లగా తేలుతోంది. నాకు ఎక్కడో వేణువు వినిపించింది.

వెళ్లి మధ్యలో నిలబడ్డాను. చేతులు ముందుకి కట్టుకున్నాను. మౌనం వహించాను.

"ఏటయ్యింది అల్లుడా? ఒంట్లో బాగోలేదేటి?" అన్నాడు పైడయ్య మావ.

నేను పలకలేదు. ఒక్కొక్కరి కళ్లలోకి చూడడం మొదలుపెట్టాను. దగ్గరున్న నాలుగు మిషన్లు ఆగాయి.

"ఓలమ్మో, ఏటీ మాటాడ్డేటి?" అందొకావిడ.

లలిత గొంతు తగ్గించి, "సార్, వీడియో అవుతన్నాది. ఏటైనా సెప్పండి" అంది.

పిచ్చిపిల్ల, మౌనం పని చేస్తోందని దీనికేం తెలుసు అనుకున్నాను. నిజంగానే పని చేస్తోంది. వరసగా మిషన్లు ఆగిపోతున్నాయి. అందరూ నా వైపే చూస్తున్నారు. వీడియోలో కూడా సరిగ్గా ఇలాగే చూశారు. నా ఒళ్లు పులకరించింది. పేర్ల దగ్గరికి వచ్చాను.

"కోరాడ అప్పలనర్సమ్మ!" అన్నాను, తీయగా, నెమ్మదిగా.

ఆవిడ నాకు పిన్ని. నేను ఆకలిగా వచ్చిన ఏ పొద్దునా తన చోడంబలిలో సగం నాకు పోయకుండా తాగలేదు. ఆవిడ చేతిలో కత్తెర కింద పడింది.

"నన్నా బాబూ? నానేటి సేసినాను? ఒక్క రోజు నాగా ఎట్టలేదు కదా!"

"బోని గౌరి!"

గౌరి పెళ్లయి ఆరు నెలలైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది.

"దాసరి పైడయ్య!"

ఆఖరి మిషను ఆగిపోయింది. ఆ సెక్షన్‌లో నేనెప్పుడూ వినని నిశ్శబ్దం. బంగారు ధూళి ఒక్కటే కదులుతోంది. నాయకత్వం అంటే ఇదే కదా, ఇంత అందంగా ఉంటుందా అని నేను పరవశించిపోతున్నాను. అప్పుడు వెనక నుంచి మొదలైంది.

"లేఆపంట!"

"ముగ్గురికేనా?"

"ముగ్గురేటి, సెక్సనంతా మూసెత్తన్నారంట!"

"మిల్లే అమ్మెత్తన్నారంట! నాను నిన్ననే అనుకున్నాను!"

ఒక మూల ఏడుపు లేచింది. డబ్బాలు సర్దుకునే చప్పుడు. పక్కనున్న నేత సెక్షన్‌లోంచి కూడా జనం వచ్చేసి గుమ్మంలో మూగారు. ఎక్కడో ఏదో తేడా పడిందని నాకు తెలిసింది. తెలిసినా ఏం చెయ్యాలో తోచక వీడియోలో చివరి మెట్టు గుర్తు చేసుకున్నాను. చిరునవ్వు నవ్వాను.

"సూడండే! మన నోట్లో మట్టి కొట్టి నవ్వుతన్నాడు!" అంది అప్పలనర్సమ్మ పిన్ని.

పైడయ్య మావ నెమ్మదిగా నా దగ్గరికి వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బాగుంది బాబుగారూ" అన్నాడు. "పేరెట్టి పిలిసీసినారు. ఇంక మీకూ మాకూ సుట్టరికం ఏటున్నాది? ఆ కాయితం ఏదో ఇప్పించండి, ఎలిపోతాం."

ఆ బాబుగారు అన్న మాటకి నా కల తెగిపోయింది. అద్దాల గోడలు లేవు, వేణువు లేదు. ఎదురుగా, నా చెయ్యి పట్టుకుని దారం ఎక్కించడం నేర్పిన మనిషి తల వంచుకుని నిలబడి ఉన్నాడు. నాకు ఏడుపు వచ్చేసింది. వస్తే వచ్చింది గానీ ఆగలేదు.

"లేఆఫ్ లేదు మావా! ఏటీ లేదు! వీడియోలో అలగ సెయ్యమన్నారు మావా! మార్కులేస్తారంట మావా!" అని కొత్త నీలం చొక్కా చేతులతో ముక్కు తుడుచుకుంటూ బావురుమన్నాను.

మావ తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి సంచుల కట్ట మీద కూర్చోబెట్టాడు. నీళ్లు తాగించాడు. ఆ తర్వాత అందరి వైపూ తిరిగాడు.

"ఒసే కోడలా, ఆ డబ్బా కింద ఎట్టు. ఒదినా, కూకో. లేఆపూ లేదు, ఏటీ లేదు. బాబుకి బుర్ర సెడింది, మజ్జానానికి బాగుపడతాది. మూడో లైన్లో దారం తెగిపోతందన్నారు, ముందది సూద్దాం. లారీ సాయింత్రం వస్తాది. బేగి కానియ్యండి!"

అంతే. పన్నెండు వీడియోల సారం ఇంతే. ముందు ఒక మిషను, తర్వాత పది, తర్వాత ముప్పై. సాయంత్రం లారీ నిండుగా కదిలింది. నేను మాత్రం మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. ఆ భోజనాల వేళే వచ్చింది లలిత.

"సార్, పంపీసాను."

"ఏది?"

"వీడియో సార్. పన్నెండు గంటల్లోపల పంపాలని మీరే కదా సెప్పారు."

"ఎంతవరకు తీశావు?"

"మొత్తం. మీరు ఆపమన్లేదు కదా."

"నేను ఏడ్చింది కూడానా?"

"అది బాగా వచ్చింది సార్. దగ్గరికొచ్చి తీసాను" అంది లలిత గర్వంగా.

ఆ తర్వాత పది రోజులు బస్సులో కలలు రాలేదు. మంచు మంచులాగే ఉండేది. ఉద్యోగం సంగతి ఎలాగూ తేలిపోయిందనుకున్నాను, దానికంటే ఎక్కువగా నన్ను తినేసింది ఇంకొకటి. పైడయ్య మావ పని మామూలుగానే చేసేవాడు, నాతో మాట్లాడేవాడు, కానీ "అల్లుడా" అనలేదు. ఎన్నాళ్లైనా బాబుగారే.

"కోపమా మావా?" అని అడిగాను ఒకరోజు.

"దాసరి పైడయ్యకి కోపాలేటి బాబుగారూ?" అని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

పదకొండో రోజున హెడ్డాఫీసు నుంచి ఉత్తరం. అక్కడికక్కడే విప్పి చదివాను.

"మీ వీడియో మా కమిటీ చూసింది. కొత్తగా చేరినట్టున్న నీలం చొక్కా కార్మికుడు బెదిరిపోయి కేకలు పెట్టి, అందరినీ భయపెట్టి ఏడుస్తుంటే, మేనేజరుగారు అతన్ని కసరకుండా నీళ్లు తాగించి, నాలుగే మాటల్లో సెక్షన్‌ని పనిలో పెట్టిన తీరు ఆదర్శప్రాయం. తువ్వాలు వేసుకుని కార్మికుల్లో ఒకరిగా కలిసిపోవడం మాకు ఎంతో నచ్చింది. పదికి తొమ్మిది మార్కులు. మిమ్మల్ని మేనేజరుగా ఖాయం చేస్తున్నాం. ఆ నీలం చొక్కా కార్మికుడికి కొన్నాళ్లు తేలికైన పని ఇవ్వగలరు."

నాకూ కొంచెం సిగ్గుంది. వెంటనే జరిగింది జరిగినట్టు రాసి పంపాను: ఆ తువ్వాలు మనిషి మా మేస్త్రి, ఆ మార్కులు ఆయనవి, ఏడ్చిన నీలం చొక్కా వెధవని నేనే. మర్నాడే జవాబు వచ్చింది. "గొప్పంతా మీ మేస్త్రికి ఇచ్చి, కార్మికుడి ఏడుపుని మీ మీద వేసుకున్నారు. ఇంత వినయం మేం ఎక్కడా చూడలేదు. ఆ మిగిలిన ఒక్క మార్కు కూడా వేస్తున్నాం."

రెండు ఉత్తరాలూ పట్టుకుని మావ దగ్గరికి పరిగెత్తాను. మిషన్ల హోరులో గొంతు చించుకుని చదివి వినిపించాను. ఆయన ముందు నమ్మలేదు. తర్వాత తువ్వాలుతో నోరు మూసుకున్నాడు. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వీ నవ్వీ సంచుల కట్ట మీద చతికిలబడి, కళ్లు తుడుచుకుని అన్నాడు:

"మరైతే ఆ నీలం సొక్కా గుంటడికి ఏటి తేలిక పని ఇద్దాం అల్లుడా?"

అల్లుడా! చెబితే నవ్వుతారు గానీ, పది మార్కులకంటే ఆ మాటకే నా కళ్లు చెమర్చాయి.

కాబట్టి పాఠకులారా, మా ముప్పై మిషన్ల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఏ అద్దాల ఆఫీసులో, ఎంత తీయని వేణువు వినిపించి, ఎవరు బోధించినా సరే, నా సెక్షన్‌లో ఒక్క మనిషిని పేరు పెట్టి పిలవను. హాజరు పట్టీలో కూడా పేర్లు తీసేయిద్దామనుకున్నాను గానీ, పదకొండు మంది మావలకి, తొమ్మిది మంది పిన్నులకి హాజరు ఎలా వెయ్యమంటారని లలిత ఒప్పుకోవడం లేదు.